సైటు తీసేసే లేజర్... సెలవులో చేయించుకోవచ్చా?

కళ్లజోడు వదిలించుకోవాలనుకునే క్యాంపు సోదరులు టికెట్ బుక్ చేసే ముందే తెలుసుకోవలసిన సంగతులు

కొన్ని వారాలుగా మా ఆఫీసుకు వచ్చే ఫోన్లలో ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వినిపిస్తోంది. "అన్నా, లేజర్ చేయించుకుంటే అద్దాలు పోతాయట కదా! ఈసారి ఇంటికి పోయినప్పుడు చేయించుకొని రావచ్చా?" అడిగేవాళ్లలో స్కఫోల్డింగ్ పనివాళ్లున్నారు, ట్రక్కు డ్రైవర్లున్నారు, వెల్డర్లున్నారు. ఇళ్లలో పనిచేసే అక్కచెల్లెళ్లూ ఉన్నారు.

వాళ్ల బాధ మాకు తెలియనిది కాదు. ఎండాకాలంలో హెల్మెట్ కింద నుంచి కారే చెమటకు అద్దాలు ముక్కు మీద నిలవవు. ఏసీ బస్సు దిగగానే అద్దాల మీద ఆవిరి కమ్మేసి రెండు నిమిషాలు ఏమీ కనబడదు. కళ్లజోడు పైన సేఫ్టీ గాగుల్స్ పెట్టుకుంటే నొక్కుకుపోతుంది, పెట్టుకోకపోతే ఫోర్‌మన్ ఊరుకోడు. జోడు పగిలితే కొత్తది వచ్చేదాకా అందాజాగా పని చేయాల్సిందే. పదో అంతస్తులో అందాజా పని అంటే ఏమిటో మన వాళ్లకు వేరే చెప్పాలా?

అందుకే లేజర్ అనగానే ఆశ పుడుతుంది. ఆ ఆశ తప్పు కాదు. ఈ చికిత్స గత 40 ఏళ్లలో చాలా దూరం వచ్చింది, తగిన కన్ను దొరికితే మంచి ఫలితమే ఇస్తుంది. అయితే ఒక సంగతి మాత్రం మెషిన్ ఎంత కొత్తదైనా మారలేదు. ఆపరేషన్‌కు ముందు జరిగే పరీక్ష, ఆపరేషన్ తర్వాత కంటికి ఇచ్చే రోజులు, ఈ రెండే ఫలితాన్ని తేలుస్తాయి. క్యాంపులో ఉండే మనకు ఎప్పుడూ తక్కువ పడేవి సరిగ్గా ఇవే. పరీక్షకు తీరిక ఉండదు, మానడానికి సెలవు ఉండదు. కాబట్టి ఈ వారం ఈ విషయాన్ని మొదటి నుంచి చివరి దాకా వివరంగా చెప్పాలనుకున్నాం.

సైటు అంటే ఏమిటి?

చేతి గడియారం ముల్లుల మీద గుండ్రటి అద్దం ఉంటుంది కదా, మన నల్లగుడ్డు మీద కూడా అలాంటి పారదర్శకమైన పొర ఒకటి ఉంటుంది. దాన్ని కార్నియా అంటారు. దీని మందం మధ్యలో సుమారు అర మిల్లీమీటరు. కంటిలోకి వచ్చే వెలుగును వంచి లోపలి తెర మీద పడేట్టు చేసే పనిలో దాదాపు మూడింట రెండు వంతులు ఈ పొరదే. మిగిలిన పని లోపల ఉన్న కటకం చేస్తుంది.

కనుగుడ్డు కాస్త పొడుగైనా, కార్నియా వంపు ఎక్కువైనా బొమ్మ తెర మీద పడకుండా ముందే పడుతుంది. దూరపు బోర్డు మసకగా కనబడుతుంది. ఇదే మైనస్ సైటు. దీనికి తలకిందులైతే ప్లస్ సైటు. కార్నియా అన్ని వైపులా ఒకేలా గుండ్రంగా లేకపోతే సిలిండర్ నంబరు వస్తుంది. అద్దాలు ఈ తేడాను బయట నుంచి సరిచేస్తాయి. లేజర్ కార్నియా వంపునే మార్చి సరిచేస్తుంది. మైనస్ సైటుకు మధ్యభాగాన్ని కాస్త చదును చేస్తారు. ప్లస్ సైటుకు అంచుల చుట్టూ తీసి మధ్యభాగం వంపు పెంచుతారు.

ఒక్క మాట బాగా గుర్తుంచుకోవాలి. లేజర్ తీసేది నంబరును మాత్రమే. కంట్లో ఉన్న జబ్బును కాదు.

కత్తి నుంచి కాంతి దాకా

కార్నియా వంపు మార్చాలన్న ఆలోచన పాతదే. 1930లలో జపాన్‌లో డాక్టర్ సాటో కార్నియాకు గాట్లు పెట్టి సైటు తగ్గించే ప్రయత్నం చేశారు. లోపలి వైపు నుంచి పెట్టిన ఆ గాట్ల వల్ల కొన్నేళ్లకు చాలామంది కార్నియాలు మసకబారాయి. 1970లలో సోవియట్ యూనియన్‌లో డాక్టర్ ఫ్యోదొరోవ్ బయటి వైపు నుంచి, చక్రం ఆకుల్లా గాట్లు పెట్టే పద్ధతికి ప్రచారం తెచ్చారు. అంతకు ముందే కొలంబియా దేశంలోని బొగోటాలో డాక్టర్ హోసే బరాకర్ కార్నియా పై పొరను కోసి, గడ్డకట్టించి, లేత్ మెషిన్ మీద చెక్కి తిరిగి కుట్టే పద్ధతి కనిపెట్టారు. లేత్ మీద పనిచేసే మన సోదరులకు అది ఎంత సాహసమో అర్థమవుతుంది.

అసలు మలుపు ఆసుపత్రిలో రాలేదు. కంప్యూటర్ల కంపెనీలో వచ్చింది. న్యూయార్క్ రాష్ట్రంలోని ఐబీఎం పరిశోధనశాలలో రంగస్వామి శ్రీనివాసన్, జేమ్స్ విన్, శామ్యూల్ బ్లమ్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు ఎక్సైమర్ లేజర్ మీద పనిచేస్తుండేవారు. శ్రీనివాసన్ మద్రాసులో పుట్టి, మద్రాసు విశ్వవిద్యాలయంలో చదివి అమెరికా వెళ్లిన మనిషి. 1981 నవంబరులో థాంక్స్‌గివింగ్ పండుగ మరునాడు ఆయన ఇంట్లో మిగిలిన టర్కీ కోడి ముక్కను ల్యాబుకు తెచ్చి దాని మీద లేజర్ వేసి చూశారు. మామూలు పచ్చ లేజర్ వేసిన చోట కాలి నల్లబడింది. 193 నానోమీటర్ల అతినీలలోహిత ఎక్సైమర్ లేజర్ వేసిన చోట మాత్రం అంచులు కాలకుండా శుభ్రమైన గాటు పడింది.

కారణం ఏమిటంటే, ఈ కాంతి కణజాలాన్ని వేడి చేసి కాల్చదు. అణువులను పట్టి ఉంచే బంధాలను తెంచి పై పొరను ఆవిరిలా లేపేస్తుంది. ఒక్కో పల్స్‌కు పోయేది మైక్రాన్‌లో నాలుగో వంతు. మన తల వెంట్రుక మందం 50 నుంచి 100 మైక్రాన్లు ఉంటుందంటే ఆ సున్నితం ఎంతో ఊహించుకోవచ్చు.

కంటి డాక్టర్ స్టీఫెన్ ట్రోకెల్ ఈ సంగతి తెలుసుకొని శ్రీనివాసన్‌తో కలిసి 1983లో కార్నియాపై ప్రయోగ ఫలితాలు ప్రచురించారు. 1988లో అమెరికాలో డాక్టర్ మార్గరెట్ మెక్‌డొనాల్డ్ చూపున్న కంటికి మొదటిసారి ఈ లేజర్‌తో సైటు సరిచేశారు. ఆ స్త్రీకి కాన్సర్ వల్ల ఆ కన్ను ఎలాగూ తీసేయవలసి ఉంది. అయినా తన కంటిపై ప్రయోగం చేసుకోమని ఆమె తానే ముందుకొచ్చారు. ఇవాళ లక్షలాది మంది అద్దాలు లేకుండా చూస్తున్నారంటే ఆమె రుణం కూడా అందులో ఉంది. ఆ తర్వాత గ్రీసు దేశపు డాక్టర్ పల్లికారిస్ లాసిక్ పద్ధతికి రూపం ఇచ్చారు. అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 1995లో పీఆర్‌కే పద్ధతికి, ఆ తర్వాత లాసిక్‌కు ఎక్సైమర్ లేజర్‌ను ఆమోదించింది.

తర్వాతి పెద్ద అడుగు ఫెమ్టోసెకండ్ లేజర్. సెకనును పది కోట్ల కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క ఫెమ్టోసెకను. అంత చిన్న పల్స్‌ను బలంగా చేసే ఉపాయాన్ని 1985లో జెరార్ మురూ, డోనా స్ట్రిక్‌లాండ్ కనిపెట్టారు. 2018లో వారికి భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. బ్లేడుతో చేసే కోతను కాంతితోనే చేయడానికి దారి దొరికింది ఇక్కడే.

ఏ పద్ధతి ఏమిటి?

క్లినిక్కుల బోర్డుల మీద పది రకాల పేర్లు కనబడతాయి. గందరగోళపడనక్కర్లేదు. మూలం చూస్తే నాలుగే దారులు.

పీఆర్‌కే: కార్నియా పైన ఉండే పల్చటి చర్మం లాంటి పొరను తొలగించి నేరుగా లేజర్ వేస్తారు. పైపొర మూడు నుంచి ఐదు రోజుల్లో తిరిగి పెరుగుతుంది. అప్పటిదాకా మంట, నీరు కారడం, వెలుతురు చూడలేకపోవడం ఉంటాయి. రక్షణ కోసం కట్టు లాంటి కాంటాక్ట్ లెన్స్ పెడతారు. చూపు పూర్తిగా కుదుటపడడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. లాభం ఏమిటంటే కంటి మీద మూత లాంటి కోత ఉండదు.

లాసిక్: బ్లేడుతో గానీ ఫెమ్టోసెకండ్ లేజర్‌తో గానీ కార్నియాపై సుమారు 100 నుంచి 120 మైక్రాన్ల మందంలో ఒక మూత కోస్తారు. దాన్ని పుస్తకం అట్టలా తిప్పి, కింద ఎక్సైమర్ లేజర్ వేసి, మళ్లీ మూసేస్తారు. కుట్లు ఉండవు. నొప్పి తక్కువ, మరునాటికే చాలామందికి చూపు తేటపడుతుంది. కానీ ఆ మూత అంచుల్లో అతుక్కున్నా, పుట్టుకతో ఉన్నంత గట్టిగా ఎప్పటికీ అతుక్కోదు. గట్టి దెబ్బ తగిలి ఏళ్ల తర్వాత కూడా మూత జరిగిన సంఘటనలు వైద్య పత్రికల్లో ఉన్నాయి.

స్మైల్: ఫెమ్టోసెకండ్ లేజర్‌తోనే కార్నియా లోపల చిన్న బిళ్ల లాంటి ముక్కను కోసి, రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల గాటు గుండా దాన్ని బయటికి లాగేస్తారు. మూత ఉండదు. ఎఫ్‌డీఏ దీన్ని 2016లో ఆమోదించింది. ప్రధానంగా మైనస్ సైటుకు, దానితో ఉండే సిలిండర్‌కు వాడతారు.

ఐసీఎల్: ఇది లేజర్ కాదు. నంబరు మరీ ఎక్కువైనా, కార్నియా పల్చగా ఉన్నా కంటి లోపల సహజ కటకం ముందు చిన్న లెన్స్ అమరుస్తారు. ఖర్చు ఎక్కువ. కంటి లోపల చేసే ఆపరేషన్ కాబట్టి జాగ్రత్తలూ ఎక్కువే.

ఏ లేజర్ పద్ధతిలోనైనా మత్తు ఇంజెక్షన్ ఉండదు, చుక్కల మందు మాత్రమే. మెలకువగానే ఉంటారు. సైటు సరిచేసే లేజర్ పడేది సాధారణంగా నిమిషం లోపే. ఎక్సైమర్ మెషిన్లలో కన్ను కదిలితే లేజర్ కూడా దాని వెంట కదిలేలా, మరీ కదిలితే ఆగిపోయేలా ఏర్పాటు ఉంటుంది. కాబట్టి "ఆ సమయంలో కన్ను ఆడితే ఎలా?" అన్న భయం అక్కర్లేదు.

మన పనులకు ఏది తగినది?

ఆఫీసులో కూర్చునే మనిషికి, షట్టరింగ్ చేసే మనిషికి ఒకే సలహా పనికిరాదు. కడ్డీలు, చెక్కలు, కేబుళ్లు ముఖానికి తగిలే ప్రమాదమున్న వాళ్లు, సెలవురోజుల్లో కబడ్డీ ఆడేవాళ్లు "నా పని ఇదీ" అని డాక్టరుకు ముందే చెప్పాలి. అలాంటివాళ్లకు మూత లేని పద్ధతులు, అంటే పీఆర్‌కే గానీ స్మైల్ గానీ మేలని చాలామంది డాక్టర్లు సూచిస్తారు. అమెరికా నౌకాదళం 1990లలో తన సిబ్బందికి సైటు సరిచేయడం మొదలుపెట్టినప్పుడు పీఆర్‌కేనే ఎంచుకుంది. దెబ్బకు మూత కదులుతుందన్న భయమే అందుకు ఒక కారణం.

మళ్లీ పీఆర్‌కేకు మన ఎండతో చిక్కు ఉంది. మానే నెలల్లో కార్నియాపై తెల్లటి మసక పొర రావచ్చు. బలమైన ఎండలోని అతినీలలోహిత కిరణాలు దాన్ని పెంచుతాయి. కాబట్టి పీఆర్‌కే చేయించుకొని జూన్, జూలై ఎండలో బయటి పనికి దిగడం మంచిది కాదు. దిగక తప్పకపోతే, యూవీ నుంచి పూర్తి రక్షణ ఉన్న చలువ అద్దాలు నెలల తరబడి పెట్టుకోవాల్సిందే.

వెల్డర్ల సంగతి మరొకటి. లేజర్ చేయించుకున్న కంటికి ఆర్క్ వెలుగు నుంచి అదనపు రక్షణ ఏమీ రాదు. అద్దాలు పోయాయి కదా అని షీల్డ్ మానేస్తే కన్నే పోతుంది. గ్రైండింగ్ చేసేవాళ్లకు ఇప్పటిదాకా కళ్లజోడు ఎంతో కొంత అడ్డుగా ఉండేది. అది పోయాక సేఫ్టీ గాగుల్స్ అవసరం రెట్టింపవుతుంది.

ఎవరికి చేయకూడదు?

ఇదే ఈ వ్యాసంలో అన్నిటికంటే ముఖ్యమైన భాగం. దయచేసి దాటేయకండి.

18 ఏళ్లు నిండనివాళ్లకు, గత ఏడాదిలో నంబరు అర పాయింటు కంటే ఎక్కువ మారినవాళ్లకు చేయరు. పాత చీటీలు దాచుకున్నవాళ్లకు ఇక్కడ ఉపయోగం ఉంటుంది. పోయిన సెలవులో రాసిన నంబరు, ఈసారి నంబరు పక్కపక్కన పెడితే డాక్టరుకు సంగతి తెలిసిపోతుంది.

కార్నియా పల్చగా ఉన్నవాళ్లకు లెక్క కుదరదు. ఈ లెక్క మనమూ వేసుకోవచ్చు. ఒక పాయింటు మైనస్ నంబరు తీయడానికి సుమారు 12 నుంచి 15 మైక్రాన్లు చెక్కాలి. 540 మైక్రాన్ల కార్నియా ఉన్న మనిషికి మైనస్ 4 సైటు ఉందనుకుందాం. లాసిక్ మూతకు 110, చెక్కడానికి 60 పోతే ఇంకా 370 మిగులుతుంది. ఇబ్బంది లేదు. అదే 480 మైక్రాన్ల కార్నియాతో మైనస్ 8 ఉంటే? మూతకు 110, చెక్కడానికి 120 పోతే మిగిలేది 250. అడుగున కనీసం 250 అయినా ఉండాలన్నది పాత నియమం. చాలామంది డాక్టర్లు ఇప్పుడు ఇంకా ఎక్కువ మిగలాలంటారు. గోడ పల్చనైతే లోపలి ఒత్తిడికి ముందుకు ఉబుకుతుంది. అప్పుడు చూపు వంకరపోతుంది, అద్దాలు పెట్టినా సరిగా కుదరదు.

కెరటోకోనస్ అనే జబ్బులో కార్నియా తనంతట తానే పల్చబడి శంఖం మొనలా ముందుకు వస్తుంది. కళ్లు బాగా నులుముకునే అలవాటుకు, దీనికి సంబంధం ఉంది. దుమ్ముకు దురద పుట్టి నులిమే అలవాటు మన సైట్లలో ఎంతమందికి లేదు? ఇది మొదలైన దశలో పైకి తెలియదు. సిలిండర్ నంబరు పెరుగుతున్నట్టు మాత్రమే అనిపిస్తుంది. అలాంటి కంటికి లాసిక్ చేస్తే పరిస్థితి విషమిస్తుంది. కార్నియా పటం తీసే టోపోగ్రఫీ పరీక్ష లేకుండా లేజర్ వద్దనేది ఇందుకే.

కళ్లు బాగా పొడిబారినవాళ్లు, షుగరు అదుపులో లేనివాళ్లు, కీళ్లవాతం లాంటి జబ్బులున్నవాళ్లు, కంట్లో హెర్పిస్ పుండు వచ్చినవాళ్లు, శుక్లం మొదలైనవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, వీళ్లెవరూ డాక్టరుతో వివరంగా మాట్లాడకుండా ముందడుగు వేయకూడదు.

ఇక 40 దాటిన సోదరుల మాట. ఈ వయసులో వచ్చే చత్వారం లోపలి కటకం బిగుసుకోవడం వల్ల వచ్చేది. దూరపు సైటుకు చేసే లాసిక్ దీన్ని తీయదు. ఇంకో కిటుకు కూడా ఉంది. మైనస్ 2, 3 సైటున్న 45 ఏళ్ల మనిషి జోడు తీసేసి ఫోను హాయిగా చదువుకుంటాడు. రెండు కళ్లకూ దూరానికి లేజర్ చేయించుకుంటే ఆ సౌకర్యం పోతుంది. బోర్డులు కనబడతాయి గానీ ఫోనులో ఇంటి నుంచి వచ్చిన మెసేజీ చదవడానికి అద్దాలు కావాలి. ఒక జోడు వదిలించుకొని ఇంకో జోడు కొనుక్కున్నట్టే!

కంట్లో కండ పెరిగితే?

ఎండలో, గాలి దుమ్ములో ఏళ్ల తరబడి పనిచేసేవాళ్లకు ముక్కు వైపు నుంచి నల్లగుడ్డు మీదికి ఎర్రటి కండ పాకుతుంది. దీన్ని టెరిజియం అంటారు. ఇది కార్నియాను లాగి సిలిండర్ నంబరు తెస్తుంది. సైటు లేజర్‌తో ఇది పోదు. దీనికి వేరే ఆపరేషన్ ఉంది, అది చేశాకే నంబరు సంగతి చూడాలి.

"మా నాయనకు శుక్లం ఆపరేషన్ తర్వాత లేజర్ చేశారు", "మా బావకు షుగరు వల్ల లేజర్ చేశారు" అని కొందరు అంటుంటారు. అవి వేరు. శుక్లం ఆపరేషన్ తర్వాత కటకం వెనుక పొర మసకబారితే యాగ్ లేజర్‌తో దారి చేస్తారు. షుగరు వల్ల దెబ్బతిన్న లోపలి తెరను కాపాడడానికి ఇంకో లేజర్ వాడతారు. ఈ రెండూ చూపు నిలబెట్టే అవసరమైన చికిత్సలు, వాయిదా వేయకూడనివి. సైటు లేజర్ మాత్రం మన ఇష్టం కొద్దీ చేయించుకునేది. ఈ ఏడాది కుదరకపోతే వచ్చే ఏడాది చేయించుకోవచ్చు. తొందర ఏమీ లేదు.

ఫలితం ఎలా ఉంటుంది?

తగిన కన్ను ఎంచుకొని చేస్తే అత్యధికులు దూరానికి అద్దాలు లేకుండానే పనులు చేసుకుంటారు. అయితే ఇబ్బందులు అసలే ఉండవని ఎవరైనా అంటే నమ్మవద్దు. ఎఫ్‌డీఏ చేయించిన అధ్యయనంలో, అంతకు ముందు ఏ ఇబ్బందీ లేనివాళ్లలో 46 శాతం దాకా మందికి లాసిక్ జరిగిన మూడు నెలలకు దీపాల చుట్టూ వలయాలు, వెలుగు చిమ్మడం వంటివాటిలో ఏదో ఒకటి కొత్తగా కనబడింది. వాటి వల్ల రోజువారీ పనులు బాగా కష్టమైనవాళ్లు మాత్రం ఒక్క శాతం లోపే. రాత్రి షిఫ్టు డ్రైవర్లు ఈ రెండు అంకెలనూ కలిపి ఆలోచించాలి.

కళ్లు పొడిబారడం అందరికంటే మనకు పెద్ద సమస్య. కార్నియాలోని సన్నటి నరాలు తెగడం వల్ల కొన్ని నెలలు కన్నీరు తగ్గుతుంది. దానికి పగలు వేడిగాలి, రాత్రి రూములో ఏసీ తోడైతే మంట తప్పదు. కృత్రిమ కన్నీటి చుక్కలు నెలల పాటు వాడాల్సి రావచ్చు. ఇన్ఫెక్షన్ అరుదు, కానీ వస్తే చూపుకే ముప్పు. కొందరికి కొన్నేళ్లకు కొద్దిపాటి నంబరు తిరిగి రావచ్చు.

సెలవు లెక్క

మాకు తెలిసిన ఒక సోదరుడు 30 రోజుల సెలవులో 24 రోజులు పెళ్లి పనులతో గడిపి, చివరి వారంలో ఒక క్లినిక్ ఆఫరు చూసి ఆపరేషన్ చేయించుకున్నాడు. ఐదో రోజు విమానం, ఏడో రోజు సైటులో సిమెంటు దుమ్ము. కళ్లు ఎర్రబడి నీరు కారుతుంటే ఇక్కడ చూపించడానికి చేతిలో ఒక్క కాగితం లేదు. ఏ పద్ధతిలో చేశారో కూడా అతనికి తెలియదు. చివరికి కళ్లు కుదుటపడ్డాయి గానీ రెండు వారాల జీతం పోయింది, మనశ్శాంతీ పోయింది. ఇలాంటి పరిస్థితి ఇంకెవరికీ రాకూడదు.

అందుకే లెక్క ఇలా వేసుకోండి. మామూలు కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్లు పరీక్షకు ఒకటి రెండు వారాల ముందే, అంటే ఇక్కడ ఉండగానే మానేయాలి. గట్టి లెన్సులైతే ఇంకా ముందే. ఇల్లు చేరిన రెండు మూడు రోజుల్లో పరీక్షలు పూర్తిచేయించాలి. డాక్టరు సరే అంటే మొదటి వారంలోనే ఆపరేషన్. మరునాడు ఒకసారి, వారానికి ఒకసారి, నెల నాటికి ఒకసారి చూపించుకొని ఆ తర్వాతే విమానం ఎక్కాలి. లాసిక్, స్మైల్‌కు ఇలా నెల దాటి సెలవు ఉండాలి. పీఆర్‌కే అయితే రెండు నెలలైనా ఉంటే మంచిది. అంత సెలవు లేకపోతే ఈసారికి పరీక్షలు మాత్రం చేయించుకొని రండి.

ఆపరేషన్ తర్వాత కళ్లు నులమకూడదు. డాక్టరు చెప్పినన్ని రోజులు తలస్నానం నీళ్లు, పొలం దుమ్ము, పొయ్యి పొగ, చెరువులో ఈత దగ్గరికి రానీయకూడదు. రాత్రిళ్లు కంటికి ప్లాస్టిక్ కవచం పెట్టుకొని పడుకోవాలి.

చుక్కల మందుల విషయంలో ఒక హెచ్చరిక. మొదట్లో ఇచ్చే స్టెరాయిడ్ చుక్కలు డాక్టరు రాసినన్ని రోజులే వేసుకోవాలి. "ఆ చుక్కలతో హాయిగా ఉంది" అని సొంతంగా కొని నెలల తరబడి వేసుకుంటే కంట్లో ఒత్తిడి పెరిగి నీటికాసులు, తర్వాత శుక్లం వచ్చే ప్రమాదముంది. నీటికాసుల వల్ల పోయిన చూపు ఏ లేజర్‌కూ తిరిగి రాదు. రూంమేటు చుక్కలు అసలే వేసుకోవద్దు.

అడగాల్సిన ప్రశ్నలు

డాక్టరు ముందు మొహమాటపడకండి. ఇవి కాగితం మీద రాసుకొని వెళ్లండి.

1. నా కార్నియా మందం ఎంత? ఆపరేషన్ తర్వాత ఎంత మిగులుతుంది?
2. టోపోగ్రఫీలో కెరటోకోనస్ అనుమానం ఏమైనా ఉందా?
3. కంటిపాప పెద్దది చేసి లోపలి తెర చూశారా?
4. నా కన్నీటి పరీక్ష ఎలా ఉంది?
5. నేను చేసే పనికి ఏ పద్ధతి తగినది, ఎందుకు?
6. చెప్పిన ఖర్చులో పరీక్షలు, మందులు, తర్వాతి చెకప్‌లు కలిసి ఉన్నాయా?
7. నంబరు మిగిలిపోతే మళ్లీ చేయడానికి డబ్బు తీసుకుంటారా?
8. నేను దేశం బయట ఉండగా ఇబ్బంది వస్తే ఎవరితో మాట్లాడాలి?

అన్ని రిపోర్టులు, ఆపరేషన్ ముందు నంబరు, ఏ పద్ధతిలో చేశారన్న కాగితం, మందుల చీటీ ఇంగ్లీషులో తీసుకొని పాస్‌పోర్టుతో పాటు దాచండి. ముందు ముందు శుక్లం ఆపరేషన్ అవసరమైనప్పుడు లెన్స్ పవర్ లెక్కకు కూడా ఈ కాగితాలే ఆధారం. డ్రైవర్ల లైసెన్సులో అద్దాల షరతు ఉంటే కొత్తగా కంటి పరీక్ష చేయించి రికార్డు మార్పించుకోవాలి. అప్పటిదాకా ఆ షరతు అలాగే ఉంటుంది.

డబ్బు మాట, ఆసుపత్రి మాట

పద్ధతిని బట్టి, ఊరిని బట్టి మన దగ్గర రెండు కళ్లకూ కలిపి ఖర్చు వేలల్లో మొదలై లక్ష దాటే దాకా పోతుంది. కంపెనీ ఇచ్చే మామూలు ఇన్సూరెన్సులో సైటు లేజర్ సాధారణంగా ఉండదు. వడ్డీకి తెచ్చి చేయించుకునేంత అత్యవసరం ఇందులో లేదని మా అభిప్రాయం.

పరీక్షకు మన రాష్ట్రాల్లో మంచి చోట్లకు కొదవ లేదు. హైదరాబాద్‌లో 1987 నుంచి ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉంది. విశాఖపట్నం, విజయవాడల్లోనూ వారి ఆసుపత్రులున్నాయి. మెహదీపట్నంలో ప్రభుత్వ సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉంది. కడప, చిత్తూరు వైపు వాళ్లకు తిరుపతిలో అరవింద్ కంటి ఆసుపత్రి 2019లో వచ్చింది. చెన్నైలో శంకర నేత్రాలయ ఉంది. ఎక్కడికి వెళ్లినా పరీక్ష ఒక రోజు, నిర్ణయం ఇంకో రోజు పెట్టుకోండి. "ఇవాళే కడితే డిస్కౌంటు" అనే చోట లేచి వచ్చేయండి.

డాక్టరు "మీ కంటికి లేజర్ వద్దు" అంటే నిరాశపడకండి, ఇంకో క్లినిక్ వెతకకండి. ఆ ఒక్క మాట మీ చూపును కాపాడి ఉండవచ్చు. అప్పుడు మిగిలే దారి చిన్నచూపు చూడాల్సింది కాదు. సులువుగా పగలని పాలికార్బొనేట్ అద్దాలు, వెనుక పట్టీ ఉన్న ఫ్రేము, మీ నంబరుతోనే చేసిన సేఫ్టీ గాగుల్స్ దొరుకుతాయి. కంపెనీ సేఫ్టీ ఆఫీసరును అడగండి, నలుగురు కలిసి అడిగితే మరీ మంచిది. ఎప్పుడూ రెండో జోడు పెట్టెలో ఉంచుకోండి. క్యాంపులో కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్లు వాటిని కుళాయి నీళ్లతో ఎన్నడూ కడగవద్దు, పెట్టుకొని నిద్రపోవద్దు. నీళ్లలోని క్రిముల వల్ల కార్నియాకు పుండు పడితే మానడం చాలా కష్టం.

లేజర్ చేయించుకున్నా, చేయించుకోకపోయినా ఏడాదికోసారి కంటి పరీక్ష, 40 దాటితే కంటి ఒత్తిడి పరీక్ష, షుగరు ఉంటే లోపలి తెర పరీక్ష తప్పనిసరి. మనం ఇంత దూరం వచ్చింది చేతుల మీద, కళ్ల మీద నమ్మకంతోనే. సెలవు చీటీ చేతికి రాగానే సామాను లిస్టులో మొదటి మాటగా "కంటి పరీక్ష" అని రాసుకోండి. ఆ తర్వాతే బంగారం, చాక్లెట్లు, సెంటు సీసాలు.